ముప్పై తొమ్మిది గళ్ళు

ఇంకో పెట్టె దొరికింది. దొరక్కుండా ఎక్కడికి పోతుంది? ఈ ప్రోగ్రాములో ఏ మూల కెలికినా పెట్టెలే. పేరుకొక పెట్టె, వీధికొక పెట్టె, రోగి వయసుకొక పెట్టె, ఆఖరికి డ్రైవరు పంపే రెండు ముక్కల జవాబుకి కూడా ముందే కొలిచి బిగించిపడేసిన పెట్టె. ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని తెర మీదికి వంగింది. ఆ వరుస కింద గోరు పెట్టి చదివింది. నలభై. ఇక్కడా నలభయ్యే.

"నీ నలభై తగలెయ్య," అంది పైకే.

వినడానికి గదిలో ఎవరూ లేరు. అంబులెన్సుల కంట్రోల్ రూమ్ పై అంతస్తులో ఉంటుంది. అదే భవనంలో అట్టడుగున, మెట్ల కింద, కిటికీ లేని ఈ గది ఆమెది. ఒక గోడ పొడుగునా మెషిన్లు. అవి వేడెక్కకూడదని గదిని చల్లబెడతారు. లోపల కూర్చున్న మనిషి బిగుసుకుపోతే ఎవరికీ పట్టదు. అందుకని ఎండాకాలంలో కూడా ఆమె స్వెట్టరు వేసుకునే కూర్చుంటుంది. ఆ స్వెట్టరు మోచేతుల దగ్గర అరిగిపోతే వేరే రంగు ఊలుతో అతుకులు అల్లుకుంది. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు బిగించి ముడివేసి అందులో ఒక పెన్సిలు గుచ్చుతుంది. కుడి మణికట్టుకి బట్టపట్టీ. ఏళ్ళ తరబడి కీబోర్డు అంచుకి ఒరుసుకుని అక్కడ ఒక నరం ఎప్పుడూ సలుపుతూ ఉంటుంది. ఆ సలుపు ఎక్కువైన రోజు నోరు కూడా ఎక్కువవుతుంది. కస్సుబుస్సుమనకుండా ఒక్క మాట మాట్లాడదని పైన ఫోన్ల దగ్గర కూర్చునేవాళ్ళు ఆమెకి బుస్సమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసిన రోజున పైకి వెళ్ళి వాళ్ళందరి మీదా కస్సుమని వచ్చింది. దాంతో పేరు ఖాయమైపోయింది.

పెట్టె అంటే మరేం లేదు. ఎవరో ఫోన్ చేసి మాది ఫలానా వీధి అంటారు. పైన కూర్చున్న మనిషి ఆ మాటలు కొడుతుంది. ఆ అక్షరాలు మెషిన్లో ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా. అందుకని ప్రోగ్రాము రాసినవాడు అడ్రసుకి ముందుగానే నలభై గళ్ళు గీసి పెట్టాడు. అక్షరానికొక గడి, గుణింతం గుర్తుకొక గడి, మాటకీ మాటకీ మధ్య ఖాళీకొక గడి. చివరి గడి 'ఇక్కడితో అయిపోయింది' అని చెప్పే గుర్తుకి పోతుంది. మిగిలేవి ముప్పై తొమ్మిది. అడ్రసు అంతకంటే పొడుగైతే? ఇది సీ భాషలో రాసిన ప్రోగ్రాము. సీకి జాలి లేదు, అడిగే అలవాటు అంతకంటే లేదు. మొదట్లో మిగిలిన తోక పక్క పెట్టెలోకి పొర్లి అక్కడున్నదాన్ని పాడుచేసేది, మెషిన్లు కొయ్యబారిపోయేవి. ఆ బాధ పడలేక, ముప్పై తొమ్మిది దాటి వచ్చినదాన్ని చప్పుడు చెయ్యకుండా కోసి పారెయ్యమని ఒక వరుస రాశారు. అప్పట్నుంచి మెషిన్లకి ఏ రోగమూ రాలేదు. కోసిన తోక ఎటు పోయిందని ఎవరూ అడగలేదు.

ఆమె ఇప్పుడు చేస్తున్నదల్లా ఆ గళ్ళు చెరిపెయ్యడం. ముందే కొలత పెట్టుకోకుండా, వచ్చిన మాట ఎంత పొడుగుందో చూసి అంత చోటు అప్పటికప్పుడు మెషిన్ని అడిగి తీసుకోవడం, పనయ్యాక తిరిగి ఇచ్చెయ్యడం. తీసుకోవడాన్ని మాలాక్ అంటారు, ఇచ్చెయ్యడాన్ని ఫ్రీ అంటారు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, ఓపిక కావాలంతే. చెయ్యనిచ్చి ఉంటే ఎప్పుడో చేసేసేది. అడిగినప్పుడల్లా పెద్దసారుది ఒకటే పాట, "నడుస్తున్నదాన్ని కెలక్కండమ్మా." పెద్దసారంటే ఈ కంట్రోల్ రూమ్ మొత్తానికి అధికారి. నడవడమంటే ఏమిటో ఆయనకి తెలుసా? తోక తెగిన బల్లి కూడా నడుస్తుంది.

ఇంతకీ ఆ నలభై గళ్ళు గీసిందెవరని? ఆమె మొగుడే. ఆమె ఈ ఆఫీసులో టైపు కొట్టే పనికి చేరినప్పుడు ఆయన ఈ గదిలోనే కూర్చుని ఈ ప్రోగ్రాము రాస్తూ ఉండేవాడు. భోజనాల వేళ ఆమె వచ్చి వెనక నిలబడి తెర చూసేది. ఏముందండీ అందులో అంతగా అంటే, కూర్చోండి చెప్తాను అన్నాడు. అలా సీ నేర్చుకుంది, అలాగే పెళ్ళీ అయింది. పెళ్ళయ్యాక కూడా చాన్నాళ్ళు ఆయన్ని ఇంట్లో సార్ అనే పిలుస్తుంటే అత్తగారు పడీపడీ నవ్వేది. ఆయన రిటైరైన రోజు సభ పెట్టారు, ఇంత గొప్ప ప్రోగ్రాము రాసినవాడని అరగంట పొగిడారు. ఆయన రాసిపడేసినదాన్ని పగుళ్ళు పూడుస్తూ, కారే చోట గుడ్డలు కుక్కుతూ ఇన్నేళ్ళు నిలబెట్టిన ఆమె ఆఫీసు కాగితాల్లో ఇప్పటికీ 'టైపిస్టు, ఇతర పనులు'. ఆ ఇతర పనులేమిటో ఒక్కడైనా అడిగిన పాపాన పోలేదు.

ఈ పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుంటే ఆయన టిఫిన్ బాక్సు మూత బిగిస్తూ వచ్చాడు.

"ఇంకా ఎన్ని మిగిలాయి నా పెట్టెలు?"

"మీ తలకాయ మిగిలింది."

"అప్పట్లో మెషిన్లో చోటెక్కడిదే? గడి గడికీ ప్రాణం పోయేది. నలభై అంటే దర్జా తెలుసా."

"ఆ దర్జాకి ఒక మనిషి పోయాడు."

ఆయన చేతులు మూత మీదే ఆగిపోయాయి. తెలుసులే అన్నాడు, తల ఎత్తకుండా. ఆయన రాత్రుళ్ళు లేచి వంటింట్లో దీపం వెయ్యకుండా కూర్చుంటున్నాడని ఆమెకి తెలుసు. ఒక మంచిమాట అందామనే నోరు తెరిచింది. వచ్చింది మాత్రం, "తెలిస్తే ఆ మూత సరిగ్గా బిగించండి, పోయినసారి బ్యాగంతా కారింది" అని. బాక్సు లాక్కుని బస్సుకి పరిగెత్తింది.

పోయిన మనిషి ముక్కూమొహం ఆమెకి తెలియదు. ఒంటరిగా ఉండే నడివయసు మనిషి, గుండెనొప్పి. ఆ ఫోను ఎత్తింది మెల్లమ్మ. అదీ పెట్టిన పేరే. ఫోన్ల గదిలో అందరూ అరుస్తారు, అవతల అరుస్తుంటే ఇవతల కూడా అరవాలన్నట్టు. మెల్లమ్మ ఒక్కతే గొంతు తగ్గిస్తుంది. ఆమె మాట వినపడాలంటే అవతలి మనిషి అరుపు ఆపాలి. ఆపుతారు. ఇంట్లో ఆమెకి మాటరాని తమ్ముడున్నాడు. రోజంతా ఇక్కడ నోటితో, ఇంటికెళ్ళాక అతనితో చేతులతో మాట్లాడుతుంది. అతనికీ తల్లికీ తిండి ఈ ఉద్యోగమే. కొత్తలో ఆమెకి పని నేర్పింది బుస్సమ్మ మొగుడు. ఆయన్ని అన్నయ్యా అంటుంది గనక ఈమె వదిన అయింది. ఆఫీసు మొత్తంలో బుస్సమ్మ విసుక్కుంటే నవ్వే మనిషి ఆ పిల్ల ఒక్కతే. పిల్లంటే పిల్లేం కాదు, నలభై దాటాయి.

ఆ రోజు రోగి చెప్పిన అడ్రసు ఇది: పాత రైలు గేటు దాటాక కుడివైపు రెండో సందు నీలం గేటు మేడ మీద వెనక గది. మెల్లమ్మ మొత్తం కొట్టింది. కొడుతున్నప్పుడు తన తెర మీద మొత్తం కనబడింది కూడా. అంబులెన్సు బండికి పంపే మీట నొక్కింది. బండిలో తెర మీదికి 'పాత రైలు గేటు దాటాక కుడివైపు రెండో సందు' అని వచ్చింది. కావాలంటే లెక్కపెట్టుకోండి, సరిగ్గా ముప్పై తొమ్మిది. ఆ సందులో ఇళ్ళు ఒకటా రెండా. డ్రైవరు కనబడిన తలుపల్లా కొట్టాడు. కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేస్తే ఇంకెవరో ఎత్తి, మెషిన్లో ఉన్నది కూడా అంతేనన్నారు. మెల్లమ్మ అప్పుడు రోగితోనే లైన్లో ఉంది. వచ్చేశారు, మీ సందులోనే ఉన్నారు, నాతో మాట్లాడుతూ ఉండండి అని చెబుతూనే ఉంది. అవతల మాట ఆగిపోయింది. ఆగిన తర్వాత కూడా ఆమె కాసేపు చెబుతూనే ఉంది.

విచారణలో ఫోను రికార్డింగు బయటికి తీశారు. రోగి అడ్రసు మొత్తం స్పష్టంగా చెప్పాడు. మెషిన్లో ఉన్నది సగం. అంటే విని కూడా సగమే కొట్టింది, తేలిపోయింది అన్నారు. నేను మొత్తం కొట్టానండీ అని మెల్లమ్మ అంటే ఏదీ చూపించమన్నారు. ఏం చూపిస్తుంది? మెషిను కోసి గాల్లో కలిపేసిన తోకని ఏ చెత్తబుట్టలోంచి ఏరుకొస్తుంది?

బుస్సమ్మ పెద్దసారు గదిలోకి వెళ్ళి బల్ల గుద్దింది.

"లోపం ప్రోగ్రాములో ఉంది సార్. ఎన్నిసార్లు మొత్తుకున్నాను మీ దగ్గర?"

పెద్దసారు సన్నగా, నున్నగా ఉంటాడు. కోపం రాదు. ఎవరేమన్నా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు, తుడిచేలోపల అవతలివాళ్ళ ఆవేశం చల్లారుతుందని ఆయన లెక్క.

"లోపం కాదమ్మా, పరిమితి. మార్చగలిగి మార్చకపోతే లోపం. మార్చడానికి వీల్లేకపోతే పరిమితి. పరిమితి తెలుసుకుని పనిచెయ్యడం సిబ్బంది బాధ్యత."

"మార్చడానికి వీలుంది."

"ఉంటే మార్చి చూపించండి. శుక్రవారం సాయంత్రం నేను రిపోర్టు పంపాలి. ఆలోపు చూపిస్తే ప్రోగ్రాము లోపమని నా చేత్తో నేనే రాస్తాను. లేకపోతే ఆవిడ తప్పని రాయక తప్పదు. రాశాక ఉద్యోగం ఉండదని మీకూ తెలుసు."

అప్పట్నుంచి ఆమె ఈ గదిలోంచి కదల్లేదు. ఒక్కొక్క పెట్టెనీ పట్టుకుని విరగ్గొట్టింది. ఇవాళ ఆ శుక్రవారం. దొరికిన ఈ పెట్టె ఆఖరిది, అడ్రసుని బండికి పంపే భాగంలో ఉంది. ఆమె మణికట్టు పట్టీ ఒకసారి నొక్కుకుని నలభైని చెరిపేసింది. ఆ చోట, ఎంత కావాలో అంత అడిగి తీసుకునే వరుస రాసింది. పనయ్యాక తిరిగిచ్చే వరుస కింద రాసింది. పరీక్షకి ఆమె ఎప్పుడూ కొట్టేది ఒకటే మాట: ఛీ ఛీ. ఆలోచించి పెట్టుకున్నది కాదు, ఏదైనా కొట్టాల్సి వస్తే వేళ్ళు వాటంతటవే కొట్టేస్తాయి. బండి తెర మీద ఛీ ఛీ చక్కగా వచ్చింది. ఇక పొడుగు అడ్రసులు ఒక్కొక్కటీ పెట్టి చూసుకోవాలి, సాయంత్రం దాకా టైముంది, ముందు నాలుగు మెతుకులు తిందాం అనుకుని బాక్సు తీసింది. ఫోన్ మోగింది.

"అమ్మా, సాయంత్రం నాకు వేరే మీటింగు పడింది," అన్నాడు పెద్దసారు. "ఇప్పుడే వచ్చి చూపించేస్తారా?"

"సాయంత్రమన్నారు కదా సార్."

"పనైందా, కాలేదా?"

ఆ అడగడంలో ఏముందో గానీ ఆమెకి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ వద్దు వద్దని ఇప్పుడు పనైందా అంటాడు. అయింది వస్తున్నా అని ఫోన్ పెట్టేసింది. పొడుగు అడ్రసు ఒక్కటి కూడా పెట్టి చూడలేదన్న సంగతి అప్పుడు గుర్తు లేక కాదు. కోపంలో అది చిన్న విషయంలా అనిపించింది.

పెద్దసారు బల్ల మీద రెండు తెరలు పెట్టించాడు. ఒకటి అడ్రసు కొట్టేది, రెండోది బండిలోంచి విప్పి తెచ్చినది. మెల్లమ్మని కూడా పిలిపించాడు. ఆమె తలుపు పక్కన నిలబడి ఉంది. పొడుగు మనిషి, భుజాలు కాస్త ముందుకి వంగి ఉంటాయి. మాట్లాడనప్పుడు ఆమె వేళ్ళు ఊరికే కదులుతూ ఉంటాయి, తమ్ముడి అలవాటు. ఇవాళ ఆ వేళ్ళు కూడా కదలడం లేదు.

"మీరే కొట్టండి," అన్నాడు పెద్దసారు ఆమెతో. "ఆ అడ్రసే కొట్టండి. అదైతే ఏ గొడవా ఉండదు."

ఆ మాటకి బుస్సమ్మ పళ్ళు నూరింది. వేరే అడ్రసే దొరకలేదా ఈ మనిషికి? మెల్లమ్మ మాత్రం కూర్చుంది. పాత రైలు గేటు దాటాక. ఒక్కో మాటా మెల్లిగా కొట్టింది. నీలం గేటు. మేడ మీద. వెనక గది దగ్గర ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. మీట నొక్కింది.

బండి తెర మీద ఇలా వచ్చింది: పాత రైల.

అంతే. రైలుకి కొమ్ము కూడా రాలేదు.

పెద్దసారు కళ్ళద్దాలు తీశాడు. "ఇదేంటమ్మా, ఇదివరకు రెండో సందు దాకా వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు గేటు కూడా దాటలేదు."

"పది నిమిషాలివ్వండి. ఎక్కడో చిన్నది వదిలేశాను. పది నిమిషాలు."

"చెయ్యలేనిదాన్ని చెయ్యలేననడంలో తప్పేం లేదమ్మా. నేను ముందు నుంచీ అదే చెబుతున్నాను."

"నేను చెయ్యలేనని ఎవరన్నారు?"

"పర్లేదు వదినా," అంది మెల్లమ్మ.

"ఏం పర్లేదే? ఏంటి పర్లేదు?" అని బుస్సమ్మ ఆ పిల్ల మీదే విరుచుకుపడింది. తిట్టాల్సినవాణ్ణి వదిలేసి, ఎదురుగా ఉన్న మెత్తటి మనిషిని తిట్టి, తలుపు దబాల్న వేసి మెట్లు దిగిపోయింది.

కింద కుర్చీలో కూలబడి ప్రోగ్రాము తెరిచింది. ఏడు. నలభై పోయి ఏడెందుకు వచ్చింది? ఈ ప్రోగ్రాములో ఏడని ఎక్కడా రాయలేదు. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చదివింది. కళ్ళకి ఒక్క ముక్క ఎక్కలేదు. చచ్చినట్టు ఇంటికి ఫోన్ చేసింది.

"ఏడొస్తున్నాయి."

"ఏం ఏడు?"

"అక్షరాలండీ. మీ నలభై పీకేసి ఎంత కావాలంటే అంత తీసుకోమని రాస్తే ఏడొస్తున్నాయి. ఆ పిల్ల ముందర పరువు పోయింది. ఆలోచించి చెప్పండి."

అవతల బట్టలు జాడిస్తున్న చప్పుడు ఆగింది. ఎక్కువసేపు ఆలోచించలేదాయన.

"ఎనిమిదిలో ముగింపు గుర్తుకి ఒకటి పోతే ఏడు," అన్నాడు. "పెట్టె కొలిచే సైజాఫ్ ఎక్కడైనా మార్చకుండా వదిలేశావేమో చూడు."

వదిలేసింది. కళ్ళెదురుగానే ఉంది. ఆయన పాత వరుసే, ఎంతో జాగ్రత్తగా రాసుకున్నది: ఈ పెట్టె సైజెంతో కొలువు, అందులో పట్టినంతే పొయ్యి. పెట్టె పెట్టెలా ఉన్నంతకాలం కొలిస్తే నలభై వచ్చేది. ఇప్పుడు ఆ పేరు మీద పెట్టె లేదు. పెట్టె ఫలానా చోట ఉందని చెప్పే చీటీ ఉంది. అవతల ఎంత పెద్ద పెట్టె తీసుకున్నా సరే, చీటీ మాత్రం ఎప్పుడూ ఎనిమిది గళ్ళే. మెషిను ఆ చీటీని కొలిచి ఇదే పెట్టె కొలత అనుకుంది. అందులో ఛీ ఛీ హాయిగా పట్టింది. ఛీ ఛీకి ఐదు గళ్ళు చాలు. తను రోజూ కొట్టే ఆ దిక్కుమాలిన మాటకి బదులు ఒక్కటంటే ఒక్క పొడుగు మాట కొట్టి ఉంటే పొద్దున్నే దొరికిపోయేది. పెళ్ళికి ముందు, ఈ కుర్చీ వెనక నిలబడి నేర్చుకున్న మొదటి పాఠాల్లో ఇదొకటి.

"దొరికింది," అంది. "మీరు రాసిందే."

"నేను రాసినప్పుడు అక్కడ పెట్టె ఉందే."

"ఫోన్ పెట్టండి."

"పెట్టేస్తాలే. ముందు పైకెళ్ళి ఆ పిల్లతో ఒక్క మాట చెప్పిరా, దొరికిందని, కాస్త ఆగమని..."

ఆమె పెట్టేసింది. ఈయనొకడు, మధ్యలో సలహాలు. మాటలెందుకు, పని చేసి చూపిస్తే సరిపోదూ. ఆ వరుస చెరిపేసి, వచ్చిన మాట పొడుగు ఎంతో అంతే కొలుచుకునేలా రాసింది. ఈసారి ఛీ ఛీ కొట్టలేదు. ఆ అడ్రసు కొట్టింది, మొత్తం వచ్చింది. దాని వెనక పెద్దసారుని తిట్టాలనుకున్నవన్నీ గుక్కతిప్పుకోకుండా కొట్టింది. తిట్లు కూడా ఒక్క అక్షరం పోకుండా వచ్చాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మెషిను ఆమె చెప్పింది చెప్పినట్టు చివరిదాకా విన్నది. పెన్సిలు జారిపోయి ముడి ఊడిపోతుంటే అలాగే మెట్లెక్కింది.

మెట్ల మలుపులో మెల్లమ్మ ఎదురొచ్చింది. భుజానికి సంచి ఉంది.

"వచ్చేసిందే. మొత్తం వచ్చేసింది, గది దాకా. పద పైకి."

"మెల్లిగా వదినా. పడతారు."

"నువ్వూ రా అంటుంటే. నువ్వే కొట్టి చూపించాలి ఆయనకి."

"మీరు వెళ్ళండి. చూపించండి." మెల్లమ్మ గోడవైపు ఒదిగి దారి ఇచ్చింది. ఇచ్చి, ఊడి వేలాడుతున్న మణికట్టు పట్టీ చూసి, ఆమె చెయ్యి పట్టుకుని దాన్ని చుట్టూ తిప్పి గట్టిగా బిగించింది. "ఇది ఇలా వదులుగా ఉంటే నొప్పి తగ్గదు. అన్నయ్యని అడిగానని చెప్పండి."

టీకి వెళుతోందేమో అనుకుంది బుస్సమ్మ. వెనక్కి తిరిగి చూడకుండా రెండేసి మెట్లు ఎక్కింది.

పెద్దసారు మీటింగుకి కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆమె కూర్చుని ఆ అడ్రసు కొట్టింది, మీట నొక్కింది. పాత రైలు గేటు, కుడివైపు రెండో సందు, నీలం గేటు, మేడ, వెనక గది. ఆయన వంగి చదివాడు. నిజంగానే సంతోషించాడు, అది చూస్తేనే తెలుస్తోంది.

"భలే. బాగుందమ్మా. వచ్చేవారం నుంచి అన్ని బండ్లకీ పెట్టేద్దాం."

"లోపమని రాయండి సార్. నా ముందర రాయండి."

"ఆవిడ సంతకం పెట్టేసి వెళ్ళారు కదమ్మా."

"ఏం సంతకం?"

"తొందరలో సగమే కొట్టానని. నేనే చెప్పాను, తీసేసేదాకా ఎందుకు, మీ అంతట మీరు మానేస్తే మీ పేరుకి మచ్చ ఉండదు, ఇంకోచోట పని దొరుకుతుంది అని. మంచిమనిషి. ఒక్క మాట ఎదురు చెప్పలేదు."

"పది నిమిషాలన్నాను కదా నేను."

"అన్నారు. ఆవిడ పర్లేదన్నారు. విన్నారుగా మీరు కూడా."

"ఆ కాగితం చింపెయ్యండి. ఇదిగో, కళ్ళెదురుగా ఉంది. ఆ పిల్ల మొత్తం కొట్టింది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "ఆవిడ సంతకం ఉండగా నేను ప్రోగ్రాము లోపమని రాస్తే, ఆవిడ చేత నేను అబద్ధం రాయించినట్టు కాదూ? మీరే ఆలోచించండి. దీన్ని మెరుగుదల అని రాస్తాను. మీ పేరు కూడా వేస్తాను. ఇన్నేళ్ళకి మీకూ ఒక గుర్తింపు."

"నా పేరు వేస్తే మర్యాదగా ఉండదు," అంది ఆమె. "ఒక మనిషి పోయాడు. ఇంకో మనిషి కడుపు కొట్టారు. ఈ రెంటి మీదా కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. సిగ్గనిపించడం లేదా సార్ మీకు?"

అక్కడ కూడా సార్ అంది. అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆయన మాత్రం నొచ్చుకున్నట్టు చూసి, మీటింగుకి టైమైందని లేచాడు.

వరండాలో నిలబడి మెల్లమ్మకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మెట్ల మీద సంచి చూసి కూడా టీకి అనుకుంది. సంచి తీసుకుని ఎవరైనా టీకి వెళతారా? ఒక్క మాట చెప్పిరా అని ఆయన అన్నాడు. చెప్పి ఉంటే, ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పిల్ల సంతకం పెట్టేది కాదు. పెద్దసారు దుర్మార్గుడే, కాదనేది లేదు. కానీ ఆ దుర్మార్గుడి చేతికి పెన్ను అందించింది తన సైజాఫు, తన కోపం. ఇంత కోపం వేసుకుని ఇన్నేళ్ళు తిరిగింది, పనికొచ్చే రోజున అది తిట్టకూడని మనిషి మీద ఖర్చైపోయింది.

ఫోన్ల గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. రెండు వరుసల్లో మనుషులు, అందరూ తలలు వంచుకుని మాట్లాడుతున్నారు.

"అందరూ వినండి," అంది గట్టిగా. "మెల్లమ్మ మొత్తం కొట్టింది. ఒక్క అక్షరం వదల్లేదు. తిన్నది ప్రోగ్రాము. మా ఆయన రాసింది, నేను ఇన్నాళ్ళూ నిలబెట్టింది. తిన్నది అదే."

ఒకావిడ తల తిప్పకుండానే చెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు వేలు చూపించింది. అవతల ఎవరికో నొప్పులు వస్తున్నాయి, ఎన్ని నిమిషాలకొకసారని అడుగుతోంది. దగ్గరలో ఉన్న ఇంకొకతను చెవి మీద అరచెయ్యి అడ్డుపెట్టుకుని, ఏ వీధండీ, మళ్ళీ చెప్పండి అంటున్నాడు. బుస్సమ్మ ఇంకోసారి అంది, ఇంకా గట్టిగా. మరో రెండు వేళ్ళు లేచాయి, మాట్లాడొద్దని. వాళ్ళ తప్పేం లేదు. అవతల మనుషులు ప్రాణాల మీదికి వచ్చి అడ్రసులు చెబుతున్నారు. వినాలి. నలభై గళ్ళలో పట్టేంతవరకు వింటారు, వచ్చేవారం దాకా అవే గళ్ళు.

ఆమె వాళ్ళని దాటుకుని కిటికీ పక్కన మెల్లమ్మ కూర్చునే చోటికి వెళ్ళింది. బల్ల తుడిచి ఉంది. కుర్చీ లోపలికి జరిపి ఉంది. ఆ చోట ఫోన్ ఇంకో బల్లకి మళ్ళించేశారు, మోగడం లేదు. తెర పక్కన హెడ్‌సెట్టు, తీగ చక్కగా చుట్టి పెట్టి ఉంది. ఆఫీసువాళ్ళిచ్చిన స్పాంజీ చెవికి ఒరుసుకుంటుందని మెల్లమ్మ దానికి పాత నూలుగుడ్డతో రెండు తొడుగులు కుట్టుకుంది. ఎప్పుడూ చెవి వెనక్కి తోసి ఉంచే ఎడమవైపుది కొత్తదానిలా తెల్లగానే ఉంది. కుడివైపుది మాత్రం చెమటకి పసుపుబారి, పోగులు పలచబడి, ఇంకా ఒక చెవి దానికి ఆనుకునే ఉన్నట్టు మధ్యలో లోపలికి నొక్కుకుపోయి ఉంది.